షిఫ్టర్ పోయిందని తేల్చేముందు వైరు, ఔటర్, గ్రీజు చూడాలి

కావలి తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. సెకండ్ హ్యాండ్‌లో షిమానో కంపెనీ క్లారిస్ గేర్ల సెట్ ఉన్న రోడ్ బైక్ అనే సైకిల్ కొన్నాడు. వెనక 8 గేర్లు. కుడి చేతి పెద్ద లివర్‌ని లోపలికి తోస్తే పట్టు దొరక్కుండా ఖాళీగా ఊగుతోంది, నాలుగైదు సార్లు తోస్తే ఒకసారి పట్టుకుంటోంది. పొద్దున్నే మరీ ఎక్కువ, ఎండెక్కాక కాస్త నయం. దాని వెనకున్న చిన్న లివర్ టక్కుమని మోగుతోంది గానీ చైన్ వెంటనే చిన్న స్ప్రాకెట్ (వెనకున్న పళ్ల చక్రం) మీదికి దిగడం లేదు, కాస్త దూరం పోయాక తనంతట తనే దిగుతోంది. షాపులో చూపిస్తే షిఫ్టర్ (గేర్లు మార్చే ఈ లివర్ల యూనిట్) పోయింది, జత మార్చాల్సిందే అన్నారట. తుమ్మలపెంట బీచ్ దాకా తొక్కే బండికి అంత ఖర్చు పెట్టాలా అన్నా, అని అడుగుతున్నాడు.

ఇప్పుడే కొనొద్దు తమ్ముడూ. నువ్వు రాసినవి ఒకే జబ్బు లక్షణాలు కావు. పెద్ద లివర్ ఖాళీగా ఊగడం ఒకటి, చిన్న లివర్ మోగినా చైన్ ఆలస్యంగా దిగడం ఇంకొకటి. మొదటిదానికి చాలావరకు లోపల గ్రీజు గట్టిపడటమే కారణం. రెండోది దాదాపు ఎప్పుడూ వైరు, ఔటర్‌ల (వైరు దూరి పోయే గొట్టం) గొడవే, షిఫ్టర్‌కి దాంతో సంబంధం ఉండదు. రెండూ ఒకే బండి మీద ఒకేసారి కనపడేసరికి నేరమంతా షిఫ్టర్ మీదికి పోయింది. షిఫ్టర్ ధర వేలల్లో, వైరు ధర వందల్లో. వందల్లో తేలేది ముందు చూసుకోకుండా వేలు తియ్యడం అన్యాయం.

ఈ లివర్ ఏం చేస్తుందో ముందు అర్థం చేసుకో, తర్వాత అన్నీ నీకే తెలిసిపోతాయి. బ్రేకు, గేరు రెండింటినీ ఒకే లివర్‌లో పెట్టిన ఈ ఎస్‌టీఐ పద్ధతిని షిమానో 1990లో తన డ్యూరా-ఏస్ గేర్ల సెట్‌తో రోడ్ బైకుల్లోకి తెచ్చింది. లోపల ఎన్ని చిన్న చిన్న ముక్కలున్నా అది చేసేది ఒక్కటే, వైరుని కొలిచి చుట్టడం, కొలిచి వదలడం. పెద్ద లివర్ తోస్తే లోపలి కొక్కెం ఒక పంటిని పట్టుకుని వైరు చుట్టుకునే బిళ్లని ఒక మెట్టు తిప్పుతుంది. వైరు బిగుసుకుని డిరైలర్‌ని, అంటే వెనక చైన్‌ని పక్కకి జరిపే భాగాన్ని, లాగుతుంది, చైన్ పెద్ద స్ప్రాకెట్ ఎక్కుతుంది. చిన్న లివర్ తోస్తే ఆ బిళ్ల ఒక మెట్టు వెనక్కి వదులుతుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. వదిలిన వైరుని వెనక్కి లాక్కునేది షిఫ్టర్ కాదు, డిరైలర్‌లో ఉన్న స్ప్రింగు. పెద్ద స్ప్రాకెట్ వైపు పోయేటప్పుడు నీ వేళ్ల బలం ఉంటుంది, వైరు దారిలో ఎక్కడ ఒరుసుకున్నా లాగేస్తావు. చిన్న స్ప్రాకెట్ వైపు వచ్చేటప్పుడు ఆ స్ప్రింగు ఒక్కటే మొత్తం ఒరిపిడిని గెలవాలి. అందుకే ఔటర్‌లో తుప్పో మట్టో చేరితే మొట్టమొదట పాడయ్యేది చిన్న స్ప్రాకెట్ వైపు దిగడం. నీ బండి అదే చెప్తోంది. క్లిక్ వచ్చిందంటే షిఫ్టర్ తన వంతు వైరు వదిలేసింది. చైన్ ఆలస్యంగా దిగిందంటే ఆ వదిలిన వైరు దారిలో ఎక్కడో ఇరుక్కుని, రోడ్డు కుదుపులకి జారి అప్పుడు కదిలింది.

మన తీరంలో ఇది మరీ త్వరగా వస్తుంది. తుమ్మలపెంట, మైపాడు, కొత్తపట్నం ఎటు తొక్కినా ఉప్పుగాలి, దారి పొడుగునా రొయ్యల గుంటలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో తడిసిన బండిని తుడవకుండా వరండాలో పెడితే ఔటర్ కొసల నుంచి నీళ్లు లోపలికి పోతాయి, తీసుకుపోయిన ఉప్పు అక్కడే ఉండిపోతుంది. పడమర పోతే బాధ వేరు. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద తొక్కేవాళ్ల బండ్లలో తుప్పు తక్కువ, రాతిపొడి ఎక్కువ. ఆ పొడి నూనెతో కలిసిందంటే వైరుని ఆకురాయి పెట్టినట్టు అరగదీస్తుంది. ఇక మే నెల పడమటి గాలికి షిఫ్టర్ లోపలి గ్రీజులో నూనె ఆరిపోయి జిగురు మిగులుతుంది. నీ మొదటి జబ్బు అదే అని నా నమ్మకం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, ఎండెక్కాక తక్కువ అన్నావు చూడు, విరిగిన పన్నయితే చలికీ ఎండకీ తేడా చూపించదు.

నమ్మకం సరిపోదు కాబట్టి పరీక్ష చెయ్యి. 5 మిల్లీమీటర్ల అల్లెన్ కీ, కటింగ్ ప్లేయరు, పాత గుడ్డ ఉంటే చాలు. కొన్ని మోడళ్లకి 4 పడుతుంది, పెట్టి చూసుకో. వెనక చక్రం పైకెత్తి పెడల్ తిప్పుతూ, చిన్న లివర్‌ని ఇక క్లిక్ రాదనేదాకా నొక్కి చైన్‌ని అన్నిటికన్నా చిన్న స్ప్రాకెట్ మీదికి దించు. డిరైలర్ దగ్గర వైరుని పట్టి ఉంచిన బోల్టు వదులు చెయ్యి. విప్పకముందే ఆ చోటు ఫోన్‌లో ఫోటో తీసిపెట్టుకో. బోల్టు కింద వైరు కూర్చునే చిన్న గాడి ఒకటి ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు వైరు ఆ గాడిలో కాకుండా బోల్టుకి అవతలి పక్క పెడితే లాగుడు కొలతే మారిపోతుంది, తర్వాత ఎంత తిప్పినా గేర్లు కుదరవు. షాపులో కుదరలేదని వదిలేసిన బండ్లలో ఇది చాలాసార్లు చూశాను.

వైరు కొసకి గుడ్డ చుట్టి ప్లేయరుతో పట్టుకుని ఓ మోస్తరుగా లాగి పట్టాలి. లాగి పట్టకపోతే మెట్లు సరిగా తెలియవు. లివర్ దాకా చెయ్యి అందదు కాబట్టి ఇంట్లో ఎవరినైనా వైరు పట్టుకోమను. నువ్వు పెద్ద లివర్ తోస్తూ క్లిక్‌లు లెక్కపెట్టు. 8 గేర్ల షిఫ్టర్‌కి ఆ చివర నుంచి ఈ చివరికి 7 క్లిక్‌లు రావాలి. తర్వాత చిన్న లివర్‌తో మళ్లీ 7. చివరి మెట్టు దాటాక లివర్ ఖాళీగా ఉండటం మామూలే, దాన్ని చూసి కంగారుపడొద్దు, బలం పెట్టి తొయ్యొద్దు.

పైకి 7, కిందికి 7 శుభ్రంగా వచ్చి, ప్రతి మెట్టులో వైరు నిలబడితే షిఫ్టర్ లక్షణంగా ఉంది, ఇక దాని జోలికి పోకు. ఒక్కోసారి పట్టుకుని ఒక్కోసారి ఖాళీగా ఊగితే గ్రీజు గట్టిపడింది, కడగాలి. ఎప్పుడు తోసినా సరిగ్గా ఒకే మెట్టు దగ్గర, అంటే మూడు నుంచి నాలుగుకి పోయేటప్పుడే అనుకో, పట్టుకోకుండా వెనక్కి జారిపోతే అక్కడ పన్ను అరిగినట్టు. తోసిన లివర్ తన చోటికి తిరిగి రాకుండా వేలాడుతూ ఉండి, కడిగాక కూడా అలాగే ఉంటే స్ప్రింగు విరిగినట్టు. ఈ చివరి రెండింటికే షిఫ్టర్ మార్చడం తప్ప మార్గం లేదు.

కడగడం ఎలాగో చెప్తాను. ముందు కుడి హుడ్ రబ్బరు (లివర్ మీద చెయ్యి ఆనే తొడుగు) వెనక అంచుని ముందుకి మడువు. రబ్బరు పాతదైతే చిరుగుతుంది, గోరువెచ్చని నీళ్ల గుడ్డ కాసేపు చుట్టి ఉంచితే మెత్తబడుతుంది. బ్రేక్ లివర్ నొక్కి పడితే ముందు వైపు సందు తెరుచుకుంటుంది, లోపల ఇత్తడి రంగు, ఇనుప రంగు ముక్కలు కనపడతాయి. డబ్ల్యూడీ-40 డబ్బాకి వచ్చే సన్న గొట్టం ఆ సందులో పెట్టి బాగా కొట్టు. కింద పాత గుడ్డ పరుచు. చక్రం, బ్రేకు రబ్బర్ల మీద ఒక్క చుక్క పడకూడదు. డిస్క్ బ్రేకులైతే ఇంకా జాగ్రత్త, చక్రాలు తీసి పక్కన పెట్టి చెయ్యి.

కొట్టాక రెండు లివర్లనీ ఆపకుండా ఆడించు. మొదట్లో తోసిన ప్రతిసారీ ఖాళీగానే పోతుంది, విసుగేస్తుంది. ఆపొద్దు. కొక్కెం ఆ జిగురులో లోపలికి ముడుచుకుని ఉండిపోయింది, దాన్ని బయటికి నెట్టే స్ప్రింగు వెంట్రుకంత సన్నం. జిగురు కరిగేదాకా దానికి బలం చాలదు. కాసేపటికి గోధుమరంగు చిక్కటి నీరు కారడం మొదలవుతుంది, అదే పాత గ్రీజు. అప్పుడు మళ్లీ కొట్టు, మళ్లీ ఆడించు. కారేది తెల్లబడేదాకా ఇలా చెయ్యాలి. ఒక్కోసారి పది నిమిషాల్లో పట్టు వచ్చేస్తుంది, మొండిదైతే రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ చెయ్యాల్సి వస్తుంది. ఒక పూట చేసి రాలేదని షిఫ్టర్‌ని పారెయ్యకు.

పట్టు వచ్చాక పని అయిపోయిందనుకోవడానికి లేదు. డబ్ల్యూడీ-40 కడగడానికి పనికొస్తుంది, ఎక్కువ కాలం నిలబడే నూనె కాదు. అంతా కారిపోయి ఆరాక కుట్టుమిషన్ నూనె నాలుగైదు చుక్కలు అదే సందులో వేసి మళ్లీ ఆడించు. పల్చటి నూనె చాలు. మోటారు సైకిల్ షాపులో దొరికే చిక్కటి గ్రీజు లోపలికి కూరితే నువ్వు ఇప్పుడు కడిగిన జబ్బునే తిరిగి తెచ్చుకున్నట్టు. కొబ్బరి నూనె అసలు వద్దు, చలికి గడ్డకడుతుంది, పాతబడితే జిడ్డుగా పేరుకుంటుంది. కిరసనాయిలు, పెట్రోలు కూడా వద్దు. హుడ్ రబ్బరు ఉబ్బి మళ్లీ ఎక్కదు, పెట్రోలుతో నిప్పు ప్రమాదం వేరే.

ఇంకో మాట గట్టిగా చెప్తున్నాను. ఎవరు ధైర్యం చెప్పినా షిఫ్టర్‌ని స్క్రూలు విప్పి ముక్కలు చెయ్యొద్దు. లోపలి స్ప్రింగులు బిగబట్టి ఉంటాయి, విప్పగానే ఎగిరిపోతాయి. వాటిని తిరిగి అమర్చడం అలవాటున్న చేతులకే కష్టం, విడి ముక్కలు మన ఊళ్లలో కాదు కదా చెన్నైలో అడిగినా దొరకవు.

రెండో జబ్బుకి, అంటే వైరుకి, వద్దాం. దీని దగ్గర నిదానంగా చూడాలి, ఎందుకంటే బయటికి బాగా కనపడే వైరే లోపల తెగి ఉండొచ్చు. ముందు ఒరిపిడి ఉందో లేదో తేల్చుకో. వైరు బోల్టు విప్పి ఉంది కదా, లివర్ వైపు, డిరైలర్ వైపు రెండు చోట్లా వైరుని పట్టుకుని అటూ ఇటూ లాగి చూడు. వేళ్లతో లాగితే జారాలి. గరగరలాడుతూ ఆగి ఆగి వస్తే ఔటర్ పోయింది. ఒక్కో ఔటర్ ముక్కని విడిగా జారించి చూస్తే దొంగ ఎక్కడున్నాడో దొరుకుతుంది. అన్నిటికన్నా ముందు చూడాల్సింది డిరైలర్ వెనక ఉంగరంలా వంగిన చివరి ముక్క. వెనక చక్రం చిమ్మే నీళ్లన్నీ దాని నోట్లోకే పోతాయి. రెండోది బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) కింద ఉండే ప్లాస్టిక్ గాడి. ఫ్రేమ్ తలకిందులు చేసి చూస్తే మట్టి, సీసాలోంచి కారిన గ్లూకోజు నీళ్లు కలిసి అక్కడ గట్టిగా పేరుకుని ఉంటాయి. పాత బ్రష్షు, సబ్బు నీళ్లు చాలు దానికి. వైర్లు ఫ్రేమ్ లోపలి నుంచి పోయే బండి అయితే ఈ గాడి నీకు కనపడకపోవచ్చు, అప్పుడు మిగతా ముక్కలే చూడు.

మూడో చోటు షిఫ్టర్ లోపల, అక్కడ జరిగేదాన్ని చాలామంది పట్టించుకోరు. పాత క్లారిస్ 2400 లాంటి వాటిలో గేరు వైరు లివర్ పక్క నుంచి బయటికి వచ్చి హ్యాండిల్ ముందు తీగలా వంగి ఉంటుంది. ఆ తర్వాతి ఆర్2000లో వైరు హ్యాండిల్ టేపు కింద నుంచి పోతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ టేపు కిందికి దూరేముందు వైరు షిఫ్టర్ లోపలే చిన్న జాగాలో గట్టిగా మలుపు తిరగాలి. గేరు మార్చిన ప్రతిసారీ అదే చోట వంగుతూ నిటారవుతూ ఉంటుంది. కొన్నాళ్లకి వైరులోని సన్నని పోగు ఒకటి తెగుతుంది, దాని పక్కది, తర్వాత ఇంకోటి. తెగిన పోగులు ముళ్లలా విచ్చుకుని షిఫ్టర్ గోడకి గుచ్చుకుంటాయి. బయట వైరు మెరుస్తూ ఉంటుంది, లోపల మూడో నాలుగో పోగుల మీద బండి నడుస్తూ ఉంటుంది. దీని గుర్తు ఏమిటంటే, నిన్నటిదాకా బాగున్న గేర్లు నాలుగైదు రోజుల్లో దిగజారిపోతాయి, బ్యారెల్ (వైరు బిగువు సరిచేసే చిన్న మర) తిప్పి సరిచేస్తే మర్నాడు మళ్లీ తప్పుతాయి. బ్యారెల్‌ని రోజూ తిప్పాల్సి వస్తోందంటే వైరు లోపల తెగుతోందని అనుకో, ఆ రోజే మార్చు.

మార్చడానికి చిన్న లివర్ నొక్కుతూ చివరి మెట్టుకి, అంటే చిన్న స్ప్రాకెట్ స్థానానికి తెచ్చుకోవాలి. అప్పుడే వైరు తల బయటికి వచ్చే రంధ్రానికి ఎదురుగా నిలుస్తుంది. వేరే ఏ మెట్టులో ఉన్నా ఎంత నెట్టినా రాదు. హుడ్ రబ్బరు మడిచి, మూత ఉంటే తీసి, కింద నుంచి వైరుని పైకి నెడితే తల బయటికి పొడుచుకొస్తుంది. లోపలే తెగిపోయి తల మిగిలిపోతే నెట్టడానికి వైరు ఉండదు. అప్పుడూ ముందు చిన్న లివర్‌ని చివరిదాకా నొక్కి, టార్చి వేసి చూస్తూ సన్న మూతి ప్లేయరుతోనో, వంచిన సూదితోనో తలని బయటికి లాగాలి. తెగిన పోగుల ముక్కలు ఒక్కటి కూడా లోపల మిగలకూడదు. అవి కొక్కెం దగ్గర అడ్డుపడితే మంచి షిఫ్టర్ కూడా ఖాళీగా ఊగుతుంది. నీ పెద్ద లివర్ కడిగాక కూడా సరికాకపోతే ముందు వెతకాల్సింది వీటినే. ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి, పాత యజమాని వైరు తెగితే కొత్తది వేయించి ముక్కలు లోపలే వదిలేసి ఉండొచ్చు.

కొత్త వైరు కొనేటప్పుడు షాపువాళ్లు ఇచ్చింది తీసుకోకు, చూసి తీసుకో. గేరు వైరు 1.2 మిల్లీమీటర్ల మందం, దాని తల చిన్న గుండ్రటి దిమ్మ. బ్రేకు వైరు 1.5 నుంచి 1.6 దాకా ఉంటుంది, తల పెద్దది. గేరు వైరు లేదని బ్రేకు వైరు తలని అరగదీసి ఎక్కించడం నేను కళ్లారా చూశాను. అలా ఎక్కించిన తల షిఫ్టర్ లోపల ఇరుక్కుంటే ఆ షిఫ్టర్ పని అయిపోయినట్టే. ఔటర్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. కోసిన కొస చూడు, గేరు ఔటర్‌లో సన్నటి ఇనుప తీగలు నిలువుగా చుట్టూ చుక్కల్లా కనపడతాయి, అది సాధారణంగా 4 మిల్లీమీటర్లు. బ్రేకు ఔటర్‌లో ఒకే చదును తీగ స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, 5 మిల్లీమీటర్లు. బ్రేకు ఔటర్ గేరుకి వేస్తే వంగినప్పుడల్లా దాని పొడవు మారుతుంది, క్లిక్‌లు కొలతకి నిలవవు. అదే విధంగా గేరు ఔటర్‌ని బ్రేకుకి ఎప్పుడూ వేయకూడదు, గట్టిగా బ్రేకు పట్టినప్పుడు చీలిపోతుంది, అది ప్రాణాల మీదికి వస్తుంది. మన తీరానికి స్టెయిన్‌లెస్ వైరే అడుగు. నెల్లూరు, ఒంగోలు షాపుల్లో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకుని నువ్వే పట్టుకెళ్లి వేయించుకోవడం మేలు.

ఔటర్ కొసలు కోయడంలోనే సగం పనితనం ఉంది. మామూలు ప్లేయరుతో కోస్తే కొస నలిగి లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోతుంది. కేబుల్ కట్టర్ లేకపోతే వెల్డింగ్ షాపులో కటింగ్ వీల్ మీద కోయించుకో, కొస చదునుగా వస్తుంది. వేడికి గొట్టం మూతి కరిగి ఉంటుంది, దబ్బనంతో తెరువు. రెండు కొసలకీ ఎండ్ క్యాపులు తప్పనిసరి. డిరైలర్ దగ్గరి ముక్క మరీ పొట్టిగా కోస్తే వైరు విరుచుకుని పోతుంది, మరీ పొడవైతే ఊగుతుంది. పాత ముక్క కొలతకే కోసుకుంటే చాలు, అదే తప్పుగా ఉంటే తప్ప.

వైరు, ఔటర్ కొత్తవి వేశాక టెన్షన్ సరిచెయ్యాలి. చైన్ చిన్న స్ప్రాకెట్ మీద ఉండగా, బ్యారెల్‌ని పూర్తిగా లోపలికి బిగించి రెండు చుట్లు వెనక్కి వదిలి, వైరుని చేత్తో లాగి పట్టి బోల్టు బిగించు. ఇప్పుడు ఒక క్లిక్ తోస్తే చైన్ రెండో స్ప్రాకెట్ ఎక్కాలి. ఎక్కడానికి తటపటాయిస్తే వైరు వదులుగా ఉంది, బ్యారెల్‌ని స్క్రూ విప్పే దిశలో పావు చుట్టు తిప్పు. ఎక్కి పక్క స్ప్రాకెట్‌కి రాసుకుంటూ శబ్దం చేస్తే బిగువు ఎక్కువైంది, బిగించే దిశలో పావు చుట్టు. ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పినవాళ్లే దారి తప్పుతారు. కొత్త ఔటర్ కొసలు నాలుగు రైడ్లలో సర్దుకుంటాయి, అప్పుడు మళ్లీ పావు చుట్టు అడుగుతుంది, అది మామూలే. హెచ్, ఎల్ అని రాసిన రెండు స్క్రూలు మాత్రం చైన్ చివర్ల నుంచి పడిపోతుంటే తప్ప ముట్టుకోకు. అవి చైన్ ఎక్కడిదాకా పోవచ్చో ఆపే హద్దులు, మధ్య గేర్ల కోసం వాటిని తిప్పేవాళ్లు ఒకటి సరిచేయబోయి రెండు చెడగొడతారు.

వైరు కొత్తదైనా, షిఫ్టర్ కడిగినా, పైన గేర్లు కుదిరితే కింద కుదరవు, కింద కుదిరితే పైన కుదరవు అన్నట్టుంటే హ్యాంగర్ వంగింది. డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న రెక్క అది. బండి కుడి వైపుకి పడితే వంగుతుంది. నువ్వు కొన్న బండి ఎక్కడి నుంచి వచ్చిందో రాయలేదు, బస్సు డిక్కీలో వచ్చిందంటే మాత్రం ముందు ఇదే చూడు. దాని మీద ఎవరి సామాను పెట్టారో మనకి తెలియదు. వెనక చక్రానికి సూటిగా వెనక కూర్చుని చూస్తే, డిరైలర్‌లోని రెండు చిన్న గిలకలు, పైనున్న స్ప్రాకెట్ ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది గిలక చక్రం వైపు ఒరిగి ఉంటే వంగినట్టే. డిరైలర్‌ని పట్టుకుని వంచి సరిచేస్తానంటే ఒప్పుకోకు. దీనికి హ్యాంగర్ గేజ్ అని వేరే పనిముట్టు ఉంటుంది. అల్యూమినియం హ్యాంగర్ రెండుసార్లు వంచితే విరుగుతుంది, కానీ అది విడిగా దొరికే ముక్కే, మీ ఫ్రేమ్‌కి సరిపోయేది ఒకటి ఎక్కువ కొనిపెట్టుకో.

చైన్ సంగతి 12 అంగుళాల స్కేలుతో తేలిపోతుంది. ఒక పిన్ను నడుమ సున్నా పెట్టి చూస్తే 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను నడుమ సరిగ్గా రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటి ఉంటే చైన్ మార్చాలి, ఎనిమిదో వంతు దాటితే కాసెట్ (వెనక స్ప్రాకెట్ల గుత్తి) కూడా అరిగిపోయి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కాబట్టి వెనక స్ప్రాకెట్లు నిజంగా 8 ఉన్నాయో లేదో కూడా ఒకసారి లెక్కపెట్టు. 8 గేర్ల కాసెట్‌లో స్ప్రాకెట్‌కి స్ప్రాకెట్‌కి మధ్య 4.8 మిల్లీమీటర్లు, 9 గేర్లకి 4.35. ఎవరో 9 గేర్ల చక్రం పెట్టి అమ్మి ఉంటే ఏ మెకానిక్కూ దాన్ని 8 గేర్ల షిఫ్టర్‌తో కుదర్చలేడు.

ఇవన్నీ చేసేలోపు దారిలో వైరు తెగితే చైన్ చిన్న స్ప్రాకెట్ మీద పడిపోతుంది, ఇక ఆ ఒక్క గేరే. సముద్రం గాలికి ఎదురు తొక్కుతూ ఆ బరువు గేరులో కావలి దాకా రావడం మోకాళ్లకి మంచిది కాదు. జేబులో చిన్న స్క్రూ డ్రైవర్ ఉంచుకో. డిరైలర్ మీద హెచ్ అని ఉన్న స్క్రూని బిగించే దిశలో తిప్పుతూ, పెడల్ మెల్లగా తిప్పితే చైన్ రెండో స్ప్రాకెట్ మీదికి, ఒక్కోసారి మూడోదాని మీదికి కూడా ఎక్కి అక్కడే ఉండిపోతుంది. ఎన్ని చుట్లు తిప్పావో గుర్తుపెట్టుకో, ఇంటికొచ్చాక అన్నే వెనక్కి తిప్పాలి. తెగిన వైరు కొసని చక్రంలో పడకుండా చుట్టి కట్టెయ్యి.

వరస కూడా చెప్తాను. నువ్వు ముందు క్లిక్‌ల పరీక్ష చెయ్యి. ఎలాగూ వైరు విప్పావు కాబట్టి పాతది తీసేసి, ఖాళీ షిఫ్టర్‌ని కడుగు, పోగుల ముక్కలు వెతుకు. కొత్త వైరు, ఔటర్ వేసి, మళ్లీ క్లిక్‌లు లెక్కపెట్టి, హ్యాంగర్ చూసి, చివర బ్యారెల్ తిప్పు. షాపులో వేయించుకున్నా పర్వాలేదు, దగ్గరుండి ఈ వరసలో చేయించు.

ఇంత చేశాక కూడా ఒకే మెట్టు దగ్గర జారిపోతూనే ఉంటే అప్పుడు షిఫ్టర్ మార్చు, అనుమానం అక్కర్లేదు. అప్పుడు కూడా జత కొననక్కర్లేదు, ఎడమది పనిచేస్తోంది కదా. కుడిది ఒక్కటే ఇస్తారా అని అడుగు, విడిగా అమ్మేవాళ్లు ఉన్నారు. 8 గేర్లదే కావాలి, నీ లివర్ లోపలి వైపు ఉన్న మోడల్ నంబరు ఫోటో తీసి చూపించు. వాడినది కొంటున్నట్టయితే డబ్బు ఇవ్వకముందే ఒక పాత గేరు వైరు అందులో ఎక్కించి, లాగి పట్టుకుని, పైకి 7, కిందికి 7 లెక్కపెట్టి తీసుకో.